ఏ చేతిలో పడ్డానో ఇంకా తెలీదు

పాప పుట్టి ఇవాళ్టికి పన్నెండు రోజులు. ఒళ్ళో పడుకోబెట్టుకుని ఒంటి చేత్తో టైప్ చేస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి. కోపం చల్లారకముందే రాసేయాలని ఈ తొందర.

పోయినసారి నాకు ప్రీఎక్లాంప్సియా వచ్చింది. ఇరవై వారాలు దాటాక బీపీ పెరిగి, మూత్రంలో ప్రొటీన్ పోతుంది. ముదిరి ఫిట్స్ వస్తే దాన్నే పాతవాళ్ళు గుర్రపువాతం అనేవారు. నాకు అంతదాకా రాకముందే 31వ వారంలో సిజేరియన్ చేశారు. బాబు నాలుగు రోజులున్నాడు.

అందుకే ఈసారి పన్నెండో వారంలోనే డాక్టరుగారు ఆస్పిరిన్ మొదలుపెట్టాలన్నారు. దాని మీదే ఒక పరిశోధన నడుస్తోంది, చేరతారా అని అడిగారు. ఆస్పిరిన్ పనిచేస్తుందా లేదా అన్నది అక్కడ ప్రశ్న కాదు. 2017లో ఆస్ప్రీ అనే ట్రయల్ ఫలితాలు వచ్చాయి. ముప్పు ఎక్కువున్న గర్భిణులకి 11-14 వారాల మధ్య మొదలుపెట్టి రోజూ రాత్రి 150 మిల్లీగ్రాములు ఇచ్చారు. 37 వారాల లోపు కాన్పు చేయాల్సి వచ్చేంత ప్రీఎక్లాంప్సియా ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో 4.3 శాతం మందికి వస్తే, వీళ్ళలో 1.6 శాతానికే వచ్చింది. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 75 అంటుంది, అమెరికాలో 81 ఇస్తారు. ఎంత వేస్తే చాలు అన్నదే తగువు. మా స్టడీలో కొందరికి 75, కొందరికి 150.

పరీక్షలు ఒక పూటలో అయిపోయాయి: రెండు చేతులకీ బీపీ, గర్భాశయ ధమనుల్లో రక్తం ఎలా పారుతోందో చూసే డాప్లర్ స్కాన్, పీఎల్‌జీఎఫ్ అనే రక్తపరీక్ష.

అసలు తంటా బల్ల దగ్గర మొదలైంది. వివరాలు రాసుకునే ఆవిడ, చుట్టూ పదిమంది గర్భిణులు కూర్చున్న హాల్లో, “ఏమ్మా, ఇది ఎన్నోది?” అంది. మూడోది అన్నాను. “మరి పిల్లలెంతమంది?” లేరన్నాను. “అదేంటి! రెండూ పోయాయా?” ఆ గొంతు చివరి కుర్చీదాకా వినబడింది. మొదటిది ఎనిమిదో వారంలోనే పోయిందని, రెండోది నాలుగు రోజులు బతికిందని చెప్పాను. ఆవిడ తల కూడా ఎత్తకుండా జి3 పి1 ఎల్0 ఎ1 అని రాసింది. అడిగితే విడమరిచింది: గర్భాలు మూడు, కాన్పు ఒకటి, బతికున్న పిల్లలు సున్నా, గర్భస్రావం ఒకటి. నాలుగు రోజులు చేతుల్లో పెట్టుకున్న పిల్లాడికి ఆ కాగితం మీద దక్కింది ఒక సున్నా. పక్కనున్న అమ్మాయి తన పొట్ట మీద చెయ్యి వేసుకుని కొంచెం అటు జరిగింది. ఆ జరగడం నేనింకా మరిచిపోలేదు.

తర్వాత పద్నాలుగు పేజీల సమ్మతి పత్రం చేతికిచ్చి “చివర్లో సంతకం పెట్టండి” అంది. తెలుగులోనే ఉంది, అయినా తెలుగు కాదది. “మీరు ఏ చేయిలో పడతారో కంప్యూటరు నిర్ణయిస్తుంది” అని రాశారు. ఇంజక్షన్ ఏ చేతికి చేస్తారో అనుకున్నాను! ఇంకో పేజీలో “మీరును, మీ వైద్యులును అంధులుగా ఉంచబడతారు” అని ఉంది. నిజంగా గుండె జారిపోయింది. ఆవిడని అడిగితే నవ్వి, “అవన్నీ మీకెందుకమ్మా, ఫార్మాలిటీ” అంది. ఇంటికి తీసుకెళ్ళి చదువుకుంటానంటే, “అందరూ ఇక్కడే పెడతారు” అంది.

నేను పెట్టలేదు. ఇంటికి తెచ్చుకుని రెండు రాత్రులు చదివాను. ఇంగ్లీషులో ఆర్మ్ అంటే ఇక్కడ జట్టు అని, బ్లైండ్ అంటే ఎవరు ఏ మోతాదు వేసుకుంటున్నారో డాక్టరుకీ మనకీ తెలియనివ్వరని అప్పటికి బుర్రకెక్కింది. రోజూ రెండు మాత్రలిస్తారు. ఒక జట్టుకి రెండూ మందే, రెండో జట్టుకి ఒకటి మందు, ఒకటి ఉత్తది. ఇంత తేలిక మాటని అంధులు, చేతులు చేశారు. పెన్సిల్‌తో పదకొండు చోట్ల గుర్తులు పెట్టి తీసుకెళ్ళి డాక్టరుగారికే ఇచ్చాను, అప్పుడే సంతకం పెట్టి చేరాను. రెండు నెలలకి కొత్త పత్రం ఎథిక్స్ కమిటీ ఆమోదంతో వచ్చింది. అందులో “జట్టు” అని ఉంది. ఆ మాట నాదే, గర్వంగానే చెబుతున్నాను.

చదవడం వల్ల ఇంకోటి తెలిసింది. ఎప్పుడైనా మానేయొచ్చు, మానేసినా వైద్యం ఆపకూడదు. ఇది తొమ్మిదో పేజీలో చిన్నక్షరాల్లో ఉంది. ఆవిడ నోట మాత్రం “మధ్యలో మానేస్తే మా లెక్కలు పాడవుతాయి” అని వచ్చింది.

మా అత్తయ్య భయపడింది, కడుపుతో ఉండి ప్రయోగాలేంటని. ఆవిడ భయం ఊరికే రాలేదు. గర్భిణులు వేసుకుంటే పిల్లలు అవకరాలతో పుట్టిన థాలిడోమైడ్ అనే మందు తర్వాత, 1977లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ, గర్భం వచ్చే అవకాశమున్న ఆడవాళ్ళని తొలిదశ ట్రయల్స్‌లోకి తీసుకోవద్దంది. 1993లో గానీ ఆ మాట వెనక్కి తీసుకోలేదు. కోవిడ్ టీకాల మొదటి పెద్ద ట్రయల్స్‌లోనూ గర్భిణుల్ని పక్కన పెట్టారు. అలా పక్కన పెట్టాక, మనకి మందు రాసే డాక్టరు అంచనా మీదే రాయాలి. కాపాడుతున్నామని చెప్పి గాలికొదిలేయడమే కదా అది!

మాత్రల విషయంలో మాత్రం మొండిగా ఉండండి. ఆస్ప్రీలో 90 శాతం మాత్రలైనా సరిగ్గా వేసుకున్నవాళ్ళకే ఎక్కువ లాభం కనబడింది. నేను రాత్రి తొమ్మిదింటికి అలారం పెట్టుకున్నాను, రెండే రోజులు తప్పాను. సంతకం పెట్టిన పత్రం కాపీ అడిగి తీసుకోండి, ఇవ్వకపోతే కదలకండి.

36వ వారంలో మాత్రలు ఆపారు. 38లో కాన్పు. బీపీ ఒక్కసారే పెరిగి తగ్గింది, మిగతాదంతా మామూలే.

డిశ్చార్జ్ రోజు మళ్ళీ అదే ఆవిడ కాగితాలు పట్టుకొచ్చింది. జి3 పి2 ఎల్1 ఎ1. ఈసారి గొంతు తగ్గించి, నా మంచం పక్కన కూర్చుని అడిగింది. నేర్చుకుందో, నా పెన్సిల్ గుర్తుల సంగతి ఆమెదాకా వెళ్ళిందో.

నాది 75 జట్టా, 150 జట్టా అన్నది స్టడీ మొత్తం అయ్యాకే చెబుతారట. ఈలోగా ఫోన్ నంబరు మారిస్తే తెలియజేయమన్నారు. మార్చను.