బతుకమ్మ నాటికి పెరట్లో పూలు పూయించిన నా అనుభవం

బతుకమ్మకు కావలసిన పూలను వీలైనంత వరకు మా పెరట్లోనే పూయించుకోవాలని సంకల్పించుకున్నాక, పార పట్టుకోవడానికి ముందే నేను పంచాంగం ముందు వేసుకొని కూర్చోవలసి వచ్చింది. ఎంగిలిపూల బతుకమ్మ పెత్రమాస నాడు, అంటే భాద్రపద అమావాస్య నాడు మొదలై, తొమ్మిదో రోజున సద్దుల బతుకమ్మతో ముగుస్తుంది. శ్రావణం అధికమాసమైన 2023లో ఆ అమావాస్య అక్టోబరు 14న వచ్చింది. 2024లో అక్టోబరు 2న, 2025లో సెప్టెంబరు 21న వచ్చింది. చూస్తూండగానే పండుగ మూడు వారాలకు పైగా ముందుకు జరిగిపోయింది. పండుగ చంద్రుణ్ణి బట్టి కదులుతుంది గాని మొక్క ఎండను, వానను, పగటి నిడివిని బట్టి పూస్తుంది. ఈ రెండు లెక్కలనూ ఒక చోట కలపడమే ఈ పని అంతటిలోనూ నేను శ్రద్ధ పెట్టి నేర్చుకున్న విషయం.

మేముండేది హనుమకొండలో. ఎంగిలిపూల నాడు వేయి స్తంభాల గుడి దగ్గర, సద్దుల నాడు పద్మాక్షి గుండం దగ్గర ఆడే బతుకమ్మలను చూస్తే ఈ ఊరి వాళ్లకు పూల మీద ఎంత మమకారమో తెలుస్తుంది. కాని ఒకప్పుడు ఊరి అంచున జొన్న చేలల్లో, గట్ల మీద దొరికే గునుగు, తంగేడు ఇప్పుడు ఆ చేలు ప్లాట్లుగా మారడం వల్ల, మిగిలిన చేలల్లో కలుపు మందులు కొట్టడం వల్ల దూరమైపోయాయి. పండుగ వారంలో బజారులో కట్టలు కట్టి అమ్మేవి సగం వాడి ఉంటాయి. పిల్లలకు గునుగు అంటే బజారులో దొరికే కట్ట అన్న భావమే మిగలడం నాకు చాలా బాధ కలిగించింది. పెరట్లో పెంచితే, అది మొలక దశ నుంచి ఎలా ఉంటుందో వాళ్లు కళ్లారా చూస్తారని అనుకున్నాను.

నా ఆలోచన చెప్పినప్పుడు మా అత్తమ్మ, "గునుగును నాటుడేంది బిడ్డా, వాన పడితే అదే మొలుస్తది" అని ఆశ్చర్యపోయింది. ఆమె చెప్పింది నిజమే. గునుగు ఎవరూ నాటకుండా మొలిచే మొక్క. అయితే విత్తనం ఉన్న నేలలోనే అది మొలుస్తుంది, మా పెరటి మట్టిలో ఆ విత్తనమే లేదు. ఆమె తన పుట్టింటి ఊరి నుంచి ఎండిన గునుగు కంకులు తెప్పించి, గుడ్డ మీద నలిపి, నల్లగా నిగనిగలాడే సన్నని గింజలను వేరు చేసి ఇచ్చింది. తొలకరి పడిన తరువాత నేల పైపైన గీరి, ఇసుకలో కలిపిన ఆ గింజలను చల్లి, వాటి మీద పలుచగా మట్టి పరిచాను. మొలకలు జానెడు ఎత్తు వచ్చాక ఒత్తుగా ఉన్న చోట పీకి పలుచన చేశాము. పీకిన లేత మొక్కలను అత్తమ్మ కూర వండింది, ఎందుకంటే గునుగు ఆకు తినదగిన ఆకుకూరే. ఆ మడికి మాత్రం నేను ఎరువు వేయలేదు. బలమైన మట్టిలో గునుగు ఆకు మీద, ఎత్తు మీద మోజు పడి కంకిని ఆలస్యం చేస్తుంది; ఎండ బాగా తగిలే సాధారణ నేలలో త్వరగా కంకి వేస్తుంది.

గునుగు పువ్వులో నాకు అన్నిటికంటే నచ్చే గుణం దాని ఓపిక. కంకి కింది భాగంలో గింజ కడుతూనే పైభాగం గులాబీ రంగుతో పూస్తూ పొడవు పెరుగుతుంది, కింద పూసినది క్రమంగా వెండి తెలుపుకు మారుతుంది, కోసిన తరువాత కూడా రూపం చెదరదు. అందువల్లనే పండుగ సెప్టెంబరులో వచ్చినా, అక్టోబరు మధ్యలో వచ్చినా గునుగు నన్ను నిరాశపరచలేదు.

తంగేడు విషయం వేరు. అది బహువార్షికమైన పొద. విత్తనం వేసిన ఏడు చెప్పుకోదగిన పూత ఆశించకూడదు. ఎండిన కాయల్లోని విత్తనాల పై పొర చాలా గట్టిది కాబట్టి, మరిగించి దింపిన నీటిలో వేసి రాత్రంతా నానబెట్టి, ఉబ్బిన వాటినే నాటాను. వేరు లోతుగా దిగే మొక్క కనుక చోటు మార్చితే తట్టుకోలేదని, గోడ వారగా నీళ్లు నిలవని ఎత్తైన చోట నేరుగా విత్తాను. రెండో ఏటి నుంచి మొక్క నిండా పసుపు పూలు వచ్చాయి. ఒకప్పుడు ఈ తంగేడు చెక్కతోనే తోళ్లు పదును చేసేవారు; 2014లో తెలంగాణ ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది. దీని ఆకుల మీద తెల్లని, పసుపు సీతాకోకచిలుకలు గుడ్లు పెడతాయి. ఆకుపచ్చ గొంగళిపురుగులు కొన్ని కొమ్మలను బోడి చేసినా నేను మందు కొట్టలేదు. వానల తరువాత ఆ కొమ్మలు మళ్లీ చిగిర్చాయి, ఉదయం ఎండలో ఆ పొద చుట్టూ తిరిగే సీతాకోకచిలుకలను చూడడానికి పిల్లలు తామంతట తాము పెరట్లోకి వచ్చేవారు.

అసలైన లెక్క అవసరమైనది బంతికి. ముద్దబంతి విత్తనం వేసిన నాటి నుంచి పువ్వు కోసే నాటికి సుమారు రెండున్నర నుంచి మూడు నెలలు పడుతుంది. నారు మూడు నాలుగు వారాల్లో తయారవుతుంది, నాటిన నెల రోజులకు తల తుంచాలి, తల తుంచినందువల్ల పూత వారం నుంచి పది రోజులు వెనక్కి పోతుంది. ఇదంతా కలుపుకొని అమావాస్య నుంచి వెనక్కి లెక్కించి, 2025లో నారు జూన్ చివరలోనే పోశాను. పండుగ ఆలస్యంగా వచ్చిన 2023లో జూలై రెండో వారం దాకా ఆగాను. మరీ ముందుగా పోస్తే మొక్క భాద్రపద వానలకు ఏపుగా పెరిగి పడిపోతుంది, మొదటి విడత పూలు పండుగకు ముందే అయిపోతాయి. అందుకే ప్రతిసారీ నారును రెండు విడతలుగా, రెండు వారాల తేడాతో పోయడం అలవాటు చేసుకున్నాను. పగలు తగ్గే కాలంలో బంతి త్వరగా మొగ్గ వేస్తుంది కాబట్టి, రెండో విడత మొక్కలు పొట్టిగా ఉండగానే పూతకు వచ్చి మొదటి వాటిని దాదాపు అందుకుంటాయి. చిన్న పూల రెక్కబంతి ఇంకా త్వరగా, రెండు నెలల లోపే పూస్తుంది గనుక ఎంగిలిపూల నాటి బతుకమ్మలో పై వరుసలకు అదే ఆదుకుంటుంది.

తల తుంచడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే పూల సంఖ్యను నిర్ణయించేది ఇదే. మొక్క జానెడున్నర ఎత్తు వచ్చాక నడి కొమ్మ చివరను రెండు ఆకుల జతలతో సహా గోటితో తుంచివేస్తే, కింద ప్రతి కణుపు నుంచి పక్క కొమ్మలు వస్తాయి. ఒక పెద్ద పువ్వుకు బదులు పదుల సంఖ్యలో పూలు దొరుకుతాయి. తుంచిన చివరలను పారవేయనవసరం లేదు. శ్రావణ మాసపు తేమలో వాటిని ఇసుక కలిపిన మట్టిలో గుచ్చితే తేలికగా వేళ్లు పోసుకుంటాయి, కుండీలకు సరిపోయే పొట్టి మొక్కలవుతాయి. మా వాకిట్లో మెట్ల మీద ఉన్న కుండీలన్నీ అలా వచ్చినవే.

ఈ బంతి మన నేల మీద పుట్టినది కాదని, మెక్సికో ప్రాంతం నుంచి వచ్చిందని తెలిసినప్పుడు నాకు ఒక సంగతి ఎంతో ఆలోచన కలిగించింది. అక్కడి వాళ్లు నవంబరు మొదటి రోజుల్లో తమ పితృదేవతలను తలచుకొంటూ ఇదే పువ్వును ఇళ్లలో, సమాధుల మీద పరుస్తారు. మన బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస కూడా పెద్దలకు బియ్యమిచ్చే రోజే. ఎంత దూరదేశం నుంచి వచ్చినా, ఆ పువ్వు ఇక్కడా పోయినవాళ్లను తలచుకొనే కాలంలోనే పూస్తోంది.

చామంతి మాత్రం పండుగ తేదీకి లొంగదు. అది రాత్రి నిడివి పెరిగేకొద్దీ మొగ్గ వేసే మొక్క. పెద్ద ఎత్తున సాగు చేసేవారు పూత ఆలస్యం కావాలంటే రాత్రివేళ చేలో బల్బులు వెలిగిస్తారు, త్వరగా కావాలంటే సాయంత్రమే నల్లని గుడ్డ కప్పి చీకటి చేస్తారు. ఈ సంగతి తెలిశాక, పాత మొదళ్ల నుంచి వేరు చేసిన పిలకలను జూన్‌లో కుండీల్లో నాటేటప్పుడే వాటి చోటును జాగ్రత్తగా ఎంచుకున్నాను. వీధి దీపపు వెలుగు రాత్రంతా పడే ప్రహరీ పక్కన కొన్నింటిని, చీకటిగా ఉండే వెనక పెరట్లో మిగిలిన వాటిని ఉంచి గమనించాను. వెనక పెరటి కుండీలు ముందుగా మొగ్గ తొడిగాయి. దీపం పక్కనున్నవి ఆకులతో గుబురుగా పెరిగి, మొగ్గ వేయడానికి చాలా కాలం తీసుకున్నాయి. అయినా 2025 సెప్టెంబరు 21 నాటికి వెనక పెరట్లో ఉన్నవి కూడా పచ్చి మొగ్గల దశ దాటలేదు. నల్లగుడ్డ కప్పి తొందర పెట్టే మార్గం ఉన్నా నేను ఆ పని చేయలేదు. చామంతి కార్తీకంలో తులసికోట దగ్గరకు రావలసిన పువ్వని నా అభిప్రాయం. బతుకమ్మలో దాని చోటును సీతజడ చక్కగా నింపుతుంది. కోడిజుట్టులా ముడతలు పడిన ఆ ఎర్రని పువ్వు గునుగుకు దగ్గరి చుట్టమే కనుక పెంపకమూ దాదాపు ఒకటే.

భాద్రపదంలో వానలే అన్నిటికంటే పెద్ద పరీక్ష. ముద్దబంతి పువ్వు నీటిని పీల్చుకొని బరువెక్కి కాడతో సహా విరిగిపోతుంది. రెండు మూడు రోజులు వాన వదలకపోతే రెక్కల మధ్య కుళ్లు మొదలవుతుంది. నాటేటప్పుడే మొక్కకు మొక్కకు మధ్య మూరెడు దూరం ఉంచి, మడులను ఎత్తుగా కట్టి, ప్రతి మొక్కకూ వెదురు పుల్ల ఊతంగా కట్టడం వల్ల మా మొక్కలు నిలబడ్డాయి. వాన వెలిసిన ప్రతిసారీ కొమ్మలను మెల్లగా దులిపి నీటిని రాల్చేదాన్ని. కుళ్లిన పువ్వును, మచ్చలు పడిన అడుగు ఆకులను వెంటనే తీసి పెరటి బయట వేసేదాన్ని. యూరియా వంటివి ఆ కాలంలో అసలు వేయకూడదు, ఎందుకంటే మెత్తని ఆకు పెరిగి తెగులుకు తేలికగా లొంగుతుంది. నాటేటప్పుడు కలిపిన మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి బంతికి చాలు.

తీగల పూలకు గడియారం ఇంకొకటి. గుమ్మడి పువ్వు తెల్లవారుజామున విచ్చుకొని ఎండెక్కేసరికి ముడుచుకుపోతుంది. బీర పువ్వు సాయంత్రం విచ్చుకొంటుంది. అందుచేత బీర పూలను ముందటి సాయంత్రం, గుమ్మడి పూలను సూర్యోదయానికి కోసి, తడి గుడ్డలో చుట్టి నీడన ఉంచాలి. గుమ్మడిలో పిందె లేని మగ పూలనే కోయాలని, తీగ మీద కొన్నింటిని తేనెటీగల కోసం వదిలివేయాలని పిల్లలకు నేర్పాను. తాంబాళంలో అడుగున పరిచే ఆకులు, పైన పసుపు గౌరమ్మతో పాటు నిలిపే పువ్వు ఆ తీగవే కావడం వల్ల ఆ ఒక్క పాదు మాకు ఎంతో విలువైనదైంది.

తొమ్మిది రోజులూ పూలు సరిపోవాలంటే కోత కూడా పద్ధతిగా జరగాలి. ముందు రోజు కోసి నీళ్లలో పెట్టిన పూలతో పేర్చడం వల్లనే ఎంగిలిపూల బతుకమ్మ అనే పేరు వచ్చిందని మా పెద్దలు చెబుతారు. ఆ రోజుకు గునుగు, రెక్కబంతి మాత్రమే కోశాము. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆనాడు పేర్చరు కాబట్టి మొక్కలకు కూడా విశ్రాంతి దొరికింది. విచ్చుకోవడానికి సిద్ధంగా ఉన్న ముద్దబంతులన్నింటినీ ఆనాటి నుంచి సద్దుల కోసం దాచుకున్నాము. సద్దుల బతుకమ్మ అంత ఎత్తున నిలబడాలంటే గునుగు కాడలను ఒకే పొడవున కోసి, చిన్న చిన్న కట్టలుగా దారంతో బిగించి, సగం కట్టల చివరలకు రంగు అద్ది, వరుస వరుసకూ నడిమి ఖాళీని ఆకులతో గట్టిగా నింపుతూ రావాలి. తంగేడు చాలకపోవడంతో ఒక కట్ట బజారు నుంచి తెచ్చాము. మిగిలినవన్నీ మా పెరటి పూలే.

పండుగ ముగిసినా పెరటి పని ముగియలేదు. వాడిన బంతి పూలను రెండు రోజులకొకసారి తుంచివేస్తూ ఉంటే మొక్క గింజ కట్టే పనిలో పడకుండా కొత్త మొగ్గలు వేస్తూనే ఉంటుంది. వానలు తగ్గి ఎండ పొడిగా మారగానే ఆకుల అడుగున ఎర్రనల్లి కనిపించింది. ఉదయం వేళ ఆకుల అడుగు భాగానికి తగిలేటట్లు గట్టిగా నీళ్లు చల్లి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనెను కొద్దిగా సబ్బు నీటితో కలిపి సాయంత్రాల్లో పిచికారీ చేయడం వల్ల అది అదుపులోకి వచ్చింది. కార్తీక మాసమంతా బంతి పూస్తూనే ఉంది, దానికి తోడుగా చామంతులు విచ్చుకున్నాయి.

2026లో జ్యేష్ఠం అధికమాసం కావడంతో భాద్రపద అమావాస్య అక్టోబరు 10న వస్తుంది. కాబట్టి ముద్దబంతి మొదటి నారును జూలై మొదటి వారం దాటాక పోయాలని, పండుగ ఆలస్యమైనందుకు చామంతిలో త్వరగా పూసే రకాన్ని ఒకటి వెనక పెరట్లో పెట్టాలని నిర్ణయించుకున్నాను. బాగా పూసిన మొక్కల మీద కొన్ని పూలను ఎండనిచ్చి, బంతి, గునుగు, సీతజడ విత్తనాలను వేర్వేరు కాగితపు పొట్లాలలో కట్టి, పొట్లం మీద కోసిన నెల రాసి పొడి డబ్బాలో భద్రపరిచాను. గునుగు గింజలు అవసరానికి మించి దొరికాయి. మా వీధిలో పెరడు ఉన్న నలుగురికి ఒక్కొక్క పొట్లం ఇచ్చి, తొలకరి పడ్డాక చల్లుకోమని చెప్పాను.