క్లయింట్ల మాటల నుంచి నేర్చుకుంటున్న పని

తిరుపతిలో ఇంటి నుంచే ఫ్రీలాన్స్ డిజైనర్‌గా పనిచేస్తున్న నాకు, ఈ వృత్తిలో ఎదగడానికి ఏ కోర్సు కన్నా క్లయింట్లు చెప్పిన మాటలే ఎక్కువగా ఉపయోగపడ్డాయని ఈ మధ్య బలంగా అనిపిస్తోంది.

శ్రీకాళహస్తి కలంకారీ చీరలు అమ్మే ఒకాయనకు ఆన్‌లైన్ క్యాటలాగ్ తయారుచేసి పంపినప్పుడు, "అంతా బాగుందమ్మా, కానీ ఏదో తక్కువైంది" అన్నారు. అలాంటి మాట విన్నాక ఊహించుకుని రంగులు మార్చుకుంటూ పోవడం కన్నా నేరుగా అడగడమే మేలని, "ఏ ఫొటో దగ్గర అలా అనిపించింది సార్?" అన్నాను. ఆయన ఒక చీర కొంగును వెలుతురులో పరిచి, వెదురు కలంతో గీసిన నల్ల గీత ఒకచోట సన్నబడి మరోచోట లావెక్కడాన్ని వేలితో చూపించారు. కలంకారీ బొమ్మలను మచిలీపట్నంలో చెక్క అచ్చులతో అద్దుతారు, శ్రీకాళహస్తిలో చేత్తో గీస్తారు. ఆ తేడా కనిపించకపోతే ధర ఎందుకు ఎక్కువో కొనేవారికి అర్థం కాదన్నది ఆయన బాధ. ప్రతి చీరకూ ఆ గీత కనిపించే దగ్గరి ఫొటో ఒకటి చేర్చాక క్యాటలాగ్‌కు నిండుదనం వచ్చింది.

అప్పటి నుంచి పని మొదలుపెట్టకముందే, చూసేవారు ఎవరు, వారికి తప్పక తెలియాల్సిందేమిటి అని అడిగి రాసుకుంటున్నాను. వచ్చిన ప్రతి సూచననూ పాటించాలని నేను అనుకోను. లోగో పెద్దది చేయమనడం చాలావరకు అభిరుచికి సంబంధించినది కాబట్టి, నా కారణం చెప్పి నిర్ణయం వారికే వదిలేస్తాను. అయితే ఒకరితో ఒకరికి పరిచయం లేని క్లయింట్లు ఒకే మాట అంటే అది నేను నేర్చుకోవాల్సిన విషయమే. ఫోన్‌లో తెలుగు ఒత్తులు చదవడానికి ఇబ్బందిగా ఉన్నాయని అలాగే విన్నాను. ఇప్పుడు వరుసల మధ్య ఎడం పెంచి, మామూలు ఫోన్‌లో చూసుకున్నాకే డ్రాఫ్ట్ పంపుతున్నాను.