శనివారం, పచ్చా నలుపూ

శనివారం అంటే చిన్నోడి ప్రాక్టీసు. రాత్రి నానబెట్టిన పప్పు రుబ్బి, మిషన్‌లో బట్టలు వేసి, వాడు బూట్లు వెతుక్కునేసరికి పదిన్నర అయింది. వాడు ముందు పరుగు, బ్యాగు మోసుకుంటూ నేను వెనక.

బదలోనాకి మేం వచ్చింది బార్సిలోనాలో కంటే అద్దె తక్కువని, అంతే. మా ఆయన ఆఫీసుకి మెట్రో ఉంది, సముద్రం నడిచి వెళ్ళేంత దూరం. ఊరి పేరు అంతకు ముందు విన్నది కూడా లేదు. ఇక్కడికొచ్చాక అర్థమైంది, స్పెయిన్ అంటే ఫుట్‌బాల్ అనుకునే మనలాంటి వాళ్ళకి ఈ ఊరు పూర్తిగా తేడా అని. పేట పేటకీ ఒక బాస్కెట్‌బాల్ క్లబ్బు, ప్రతి క్లబ్బులో ఆరేళ్ళ పిల్లల నుంచి జట్లు. మా చిన్నోడు ఇక్కడి బడిలో చేరిన కొత్తలో భాష రాక మూలన కూర్చునేవాడు. బంతి చేతికిచ్చాక ఆ టెన్షన్ పోయింది. ఇప్పుడు వాడు నా స్పానిష్‌ని సరిదిద్దుతున్నాడు.

ప్రాక్టీసు దగ్గర మెట్ల మీద నా పక్కన ఎప్పుడూ ఒక పెద్దాయన కూర్చుంటారు. ఆయన మనవరాలు కూడా అక్కడే ఆడుతుంది. ఎండైనా చలైనా మెడలో పచ్చా నలుపూ మఫ్లర్ ఉండాల్సిందే. అది జొవెంతుత్ క్లబ్బు రంగు. ఊళ్ళో ఎవరూ జొవెంతుత్ అనరు, లా పెన్యా అంటారు. ఈ రోజు మా వాడు నీళ్ళు తాగడానికి వచ్చి, ఆయన్ని సూటిగా అడిగేశాడు: "తాతా, పెన్యా గొప్పదా, బార్సా గొప్పదా?" బార్సా అంటే పక్కనున్న బార్సిలోనా క్లబ్బు, దానికీ బాస్కెట్‌బాల్ జట్టుంది. ఆయన నవ్వలేదు. "ఏ ఏడాదిలో?" అన్నారు. ఇక గంటన్నర నాకు పాఠం.

క్లబ్బు పుట్టింది 1930 మార్చి 30న. అంతకు మూడేళ్ళ ముందు లిండ్‌బర్గ్ అట్లాంటిక్ మీదుగా ఒంటరిగా ఎగిరిన విమానం పేరు స్పిరిట్ ఆఫ్ సెయింట్ లూయిస్. దాని మోజులో ఊళ్ళో కుర్రాళ్ళు తమ సంఘానికి స్పిరిట్ ఆఫ్ బదలోనా అని పెట్టుకున్నారట. సైకిళ్ళు, టేబుల్ టెన్నిస్ లాంటివి కూడా ఉండేవి. అప్పటికి బాస్కెట్‌బాల్ ఈ దేశానికి కొత్త. క్యూబాలో ఈ ఆట చూసి వచ్చిన మిల్యాన్ అనే ఫాదర్ 1920ల మొదట్లో బార్సిలోనాలోని తన బడి పిల్లలకి నేర్పితే అక్కడి నుంచి పాకింది. అంతర్యుద్ధం అయ్యాక క్లబ్బుకి జొవెంతుత్ పేరు వచ్చింది. ఇవన్నీ ఆయన గబగబా చెప్పేశారు. ఆయన పుట్టకముందు కథలు, ఆయనకీ పెద్ద ఆసక్తి లేదు.

ఆసక్తి మొదలైంది 1967 దగ్గర. జాతీయ లీగ్ 1957లో మొదలైంది. అందులో 1960 నుంచి 1966 దాకా ఏడేళ్ళు వరసగా రియల్ మాడ్రిడ్‌దే కప్పు. 1967లో బదలోనా గెలిచింది. హమ్మయ్య అనుకునేలోపు 1968 నుంచి 1977 దాకా మళ్ళీ పదేళ్ళు మాడ్రిడ్. 1978లో మళ్ళీ బదలోనా. అంటే ఆ పంతొమ్మిదేళ్ళలో మాడ్రిడ్ చేతిలోంచి కప్పు లాక్కున్నది రెండే రెండుసార్లు, రెండుసార్లూ ఈ ఊరే. పక్కనే ఉన్న బార్సిలోనా మహానగరం కాదు. నేను లెక్క వేస్తుంటే ఆయన ముఖంలో ఒక వెలుగు! ఆ వెలుగు చూసి ఇంకో ప్రశ్న వెయ్యకుండా ఉండలేకపోయాను, ఒక్కసారైనా కింది డివిజన్‌కి దిగారా అని. వేలు అడ్డంగా ఊపారు. 1957 నుంచి ఇప్పటిదాకా ఒక్క సీజన్ కూడా తప్పకుండా పై లీగ్‌లో ఉన్నవి రెండే క్లబ్బులు: రియల్ మాడ్రిడ్, జొవెంతుత్. మాడ్రిడ్‌దే ఇంకో జట్టు ఎస్తుదియాంతెస్ కూడా ఈ జాబితాలో ఉండేది, 2021లో జారిపోయింది. మాడ్రిడ్ నిలబడటంలో వింతేముంది, రాజధాని, డబ్బు, వెనక అంత పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బు. రెండు లక్షల పైచిలుకు జనం ఉన్న ఊరు, అదీ మెట్రోలో పావుగంట దూరంలో బార్సా లాంటి పొరుగు ఉండగా నిలబడటం నాకు ఎక్కువ ఆశ్చర్యం.

ఈ లీగ్‌ని ఇక్కడ ఏసీబీ అంటారు. మొదట్లో మా ఆయన "ఏసీబీలో జొవెంతుత్" అని పేపర్ చదివితే, పాపం ఎవరు దొరికారో అనుకునేదాన్ని.

1992 గురించి మాత్రం ఆయన అడగకుండానే చెప్పారు. గొంతు తగ్గించి చెప్పారు కూడా. ఆ ఏప్రిల్‌లో ఇస్తాంబుల్‌లో యూరప్ కప్పు, అంటే యూరప్ క్లబ్బులన్నిటిలో పెద్ద కప్పు, చివరి అంకం. సెమీస్‌లో ఎస్తుదియాంతెస్‌ని 91-69తో చితక్కొట్టి ఫైనల్ చేరారు. అవతల బెల్‌గ్రేడ్ జట్టు పార్టిజాన్. యుగోస్లావియాలో యుద్ధం కారణంగా ఆ జట్టు ఆ ఏడాది సొంత ఊళ్ళో ఆడే వీలు లేక, మాడ్రిడ్ పక్కన ఫువెన్లాబ్రాదా అనే ఊరికి వచ్చి "హోమ్" మ్యాచ్‌లు ఆడింది. ఆ ఊరి జనం వాళ్ళని అక్కున చేర్చుకున్నారు. అంటే స్పెయిన్‌లో తలదాచుకున్న జట్టే స్పెయిన్ క్లబ్బుకి ఎదురు నిలిచింది. వాళ్ళ కోచ్ జెల్కో ఒబ్రాదోవిచ్. ముందు ఏడాది దాకా అదే జట్టులో ఆటగాడు, కోచ్‌గా అదే మొదటి సీజన్.

చివర్లో పెన్యా ఆటగాడు తొమాస్ జొఫ్రేసా బుట్టలో వేశాడు, 70-68. ఇంకా పది సెకన్లు కూడా లేవు. పార్టిజాన్ ఆటగాడు జోర్జేవిచ్ బంతి అందుకుని కోర్టు పొడుగునా పరిగెత్తి, మూడు పాయింట్ల గీత బయట నుంచి ఆగీ ఆగకుండా విసిరాడు. 71-70. పెద్దాయన అప్పుడు టీవీ ముందు నిలబడి ఉన్నారట, ఆ విసురు తర్వాత కూర్చున్నారట. "ఇంకా పూర్తిగా లేవలేదు" అన్నారు. ఈయన మాటకారి అని ఆ క్షణం నిశ్చయించుకున్నాను.

కానీ 1992 అంతటితో అయిపోలేదు. 1991లో గెలిచిన లీగ్‌ని ఆ ఏడాది కూడా నిలబెట్టుకున్నారు. ఆ వేసవిలోనే ఒలింపిక్స్. బార్సిలోనా ఒలింపిక్స్ అని లోకమంతా అంటుంది కానీ బాస్కెట్‌బాల్ జరిగింది ఇక్కడ, బదలోనాలో, ముందు ఏడాది కట్టిన పెన్యా వాళ్ళ హాల్లో. మైకేల్ జోర్డాన్, మ్యాజిక్ జాన్సన్, లారీ బర్డ్ ఆడిన ఆ అమెరికా డ్రీమ్ టీమ్ క్రొయేషియాని 117-85తో ఓడించి బంగారు పతకం తీసుకున్నది మా ఇంటి దగ్గర గొర్గ్ మెట్రో స్టేషన్ పక్కనే. కూరగాయల సంచీతో నేను ఎన్నిసార్లు ఆ గోడ పక్క నుంచి నడిచానో. అదే హాల్లో స్పెయిన్ అంగోలా చేతిలో 83-63తో ఓడిపోయింది. ఆ స్పెయిన్ జట్టులో జోర్ది విలాకాంపా ఉన్నాడు, పెన్యా ప్రాణం లాంటివాడు. ఏప్రిల్‌లో ఒక్క పాయింటుతో యూరప్ పోయింది, లీగ్ దక్కింది, జులై ఆఖరులో సొంత హాల్లో పరువు పోయింది. ఒక మనిషికి ఒకే ఏడాదిలో ఇన్ని!

తర్వాతి సంగతి వినే అదృష్టం ప్రాక్టీసు అయిపోవడంతో తప్పింది. ఇంటికొచ్చి దోసెలు పోస్తూ ఫోన్‌లో చూసుకున్నాను. 1993లో పెన్యా కొత్త కోచ్‌ని తెచ్చుకుంది. ఎవరినో కాదు, ఇస్తాంబుల్‌లో తమని ముంచిన ఒబ్రాదోవిచ్‌నే. మనూళ్ళో అయితే పంచాయితీ జరిగేది! 1994లో టెల్ అవీవ్‌లో అదే యూరప్ కప్పు సెమీస్‌లో బార్సాని 79-65తో ఓడించి, ఫైనల్‌లో గ్రీసు జట్టు ఒలింపియాకోస్‌ని 59-57తో కొట్టారు. పాత వీడియోలో చూస్తే అది అందమైన మ్యాచ్ కానే కాదు. చెమటలు, తోపులాటలు, ఎవరికీ బంతి పడటం లేదు. పెన్యా ఒక పాయింటు వెనకబడి ఉండగా వాళ్ళ కోర్నీ థాంప్సన్ మూడు పాయింట్ల షాట్ వేశాడు. ఆ తర్వాత గ్రీసు వాళ్ళ తరఫున పాస్పాల్ ఫ్రీ త్రో గీత దగ్గర నిలబడి తప్పాడు. అయిపోయింది. మళ్ళీ ఒక కాటలాన్ క్లబ్బు, అంటే బార్సిలోనా, బదలోనా ఉన్న ఈ ప్రాంతపు క్లబ్బు, ఆ కప్పు ఎత్తడానికి 2003 దాకా పట్టింది, అప్పుడు బార్సా. కాబట్టి చిన్నోడి ప్రశ్నకి తాత అడిగిన ఎదురు ప్రశ్న న్యాయమైనదే.

ఒబ్రాదోవిచ్ ఒక్క సీజనే ఉన్నాడు. వెంటనే రియల్ మాడ్రిడ్‌కి వెళ్ళి, 1995లో అక్కడ అదే కప్పు గెలిచాడు. మొత్తం తొమ్మిది గెలిచాడు జీవితంలో, వాటిలో రెండోది ఇక్కడిది. ఊరి వాళ్ళకి కోపం వచ్చిందో లేదో వచ్చే శనివారం అడగాలి.

మధ్యాహ్నం గుంటూరు నుంచి అన్నయ్య ఫోన్. వచ్చే నెల వస్తున్నాడు. వాడికి కావాల్సింది ఒకటే, మెస్సీ ఆడిన కాంప్ నౌ. "మీ ఊళ్ళో ఏముందే చూడ్డానికి?" అన్నాడు. రోమన్ల నాటి శిథిలాలు ఉన్నాయి, అనీస్ దెల్ మోనో అనే పాత మద్యం ఫ్యాక్టరీ ఉంది, సముద్రంలోకి వెళ్ళే పొడుగాటి వంతెన ఉంది అన్నాను. మద్యం దగ్గర కాస్త ఆసక్తి చూపించాడు.

బట్టలు ఆరేసి వచ్చేసరికి చిన్నోడు రికీ రుబియో వీడియోలు పెట్టుకుని కూర్చున్నాడు. రికీది ఎల్ మస్నౌ, ఇక్కడి నుంచి లోకల్ రైలెక్కితే నాలుగో మూడో స్టేషన్. 2005లో పెన్యా తరఫున ఏసీబీలో దిగినప్పుడు వాడికి ఇంకా పదిహేనేళ్ళు నిండలేదు. అంత చిన్న వయసులో ఆ లీగ్‌లో అప్పటిదాకా ఎవరూ ఆడలేదు. మరుసటి ఏడాది పదహారేళ్ళ లోపు పిల్లల యూరప్ ఫైనల్‌లో రష్యా మీద 51 పాయింట్లు, 24 రీబౌండ్లు. మా వాడు ఆ అంకెలు ఎక్కాల్లా అప్పజెబుతాడు. ఎక్కాలు మాత్రం అప్పజెప్పడు.

2008లో రికీ, రూడీ ఫెర్నాండెజ్ కలిసి పెన్యాకి స్పెయిన్‌లో రాజుగారి కప్పూ, యూరప్‌లో రెండో స్థాయిదైన యూలెబ్ కప్పూ తెచ్చారు. ఆ వేసవిలోనే రూడీ అమెరికాకి వెళ్ళిపోయాడు, 2009లో రికీ బార్సాకి. ఇక్కడే నాకు ఈ క్లబ్బు మీద జాలీ గౌరవమూ కలిసి వస్తాయి. ఇదొక నారుమడి. నారు పోసి, నీళ్ళు పెట్టి, పచ్చగా లేచిన వెంటనే పీకి ఎవరో పెద్ద రైతు పొలంలో నాటుతారు, పంట వాళ్ళది. అలా పంపితేనే రోజులు గడిచేవి కూడా. 2018 ప్రాంతంలో అప్పులతో మూసేసే పరిస్థితి వచ్చి, చివరికి గట్టెక్కారు. మా ఆయన అంటాడు, పిల్లల్ని అమ్ముకుని బతికే క్లబ్బు ఏం క్లబ్బు అని. నాకలా అనిపించదు. డబ్బున్న క్లబ్బు తయారైన ఆటగాణ్ణి కొంటుంది. పద్నాలుగేళ్ళ పిల్లాణ్ణి నమ్మి పెద్దవాళ్ళ మధ్యకి పంపే ధైర్యం అందరూ చేయరు. అదీగాక అందరూ వెళ్ళిపోలేదు కదా. విలాకాంపా 1980 నుంచి 1997 దాకా ఒక్క ఈ క్లబ్బుకే ఆడాడు, 1999 నుంచి 2017 దాకా క్లబ్బుకి అధ్యక్షుడుగా ఉన్నాడు. ఆయన తర్వాత ఆ కుర్చీలోకి వచ్చింది కూడా 1994 జట్టులో ఆడిన హువానాన్ మొరాలెస్.

ఇక రికీ. అమెరికాలో అన్నేళ్ళు ఆడాక, మనసు బాగోలేదని బహిరంగంగా చెప్పి 2023లో ఆట ఆపేశాడు. అంత పేరున్నవాడు ఆ మాట పైకి చెప్పడం నాకు అతను వేసిన ఏ షాట్ కంటే పెద్దగా కనిపించింది. తర్వాత బార్సాలో కొన్ని నెలలు. 2025లో మళ్ళీ పెన్యాకి సంతకం పెట్టాడు. ఆ వార్త వచ్చిన రోజు మా వాడు ఇల్లంతా గెంతాడు, కింది ఫ్లాటు ఆవిడ వచ్చి తలుపు కొట్టింది. కారణం చెబితే తిట్టకుండా వెళ్ళిపోయింది.

రాత్రి భోజనాలయ్యాక చిన్నోడు ఒకటే గోల, మామయ్య వచ్చినప్పుడు తనతో మ్యాచ్‌కి రావాల్సిందే అని. అన్నయ్యకి బాస్కెట్‌బాల్‌లో ఎంతమంది ఆడతారో కూడా తెలియదు. అయినా వచ్చే నెల ఆదివారం మ్యాచ్‌కి నాలుగు టికెట్లు తీసేశాను, డ్రీమ్ టీమ్ ఆడిన హాలు అంటే వాట్సాప్‌లో పెట్టుకోవడానికైనా వస్తాడు. కాంప్ నౌ సోమవారం చూస్తాడులే.