బెజవాడలో దర్జాగా సాయంత్రం టీ

కిందటి డిసెంబర్‌లో మా అమ్మకి అరవై నిండాయి. ఏం కావాలమ్మా అంటే చీర వద్దంది, గాజులు వద్దంది, తిరుపతికి మొన్ననే వెళ్లొచ్చాం కదే అంది. నేను వదలకుండా అడుగుతుంటే చివరికి, "ఎక్కడైనా కూర్చోబెట్టి మంచి టీ ఇప్పించవే. మధ్యలో నన్నెవరూ లేపకూడదు, అంతే" అంది.

ఆ రెండో ముక్క దగ్గర నాకు నోట మాట రాలేదు. గుంటూరు బ్రాడీపేటలో మేం పెరిగిన ఇంట్లో నాలుగింటి టీ అంటే, అమ్మ ఆరుగురికి గ్లాసుల్లో పోసి అందించి, తన గ్లాసు మాత్రం పొయ్యి గట్టు మీద పెట్టుకునేది. ఇంతలో నానమ్మ పిలిచేది, లేకపోతే కుళాయి వచ్చేది, బిందెలు పట్టుకుని పరుగు. తిరిగొచ్చేసరికి టీ మీద మీగడ కట్టి ఉండేది. చూపుడు వేలితో ఆ మీగడని గ్లాసు అంచుకి నెట్టి, నిలబడే, రెండు గుక్కల్లో తాగేసి గ్లాసు తొలిచేసేది. అమ్మ కూర్చుని టీ తాగడం నాకు ఎంత గుర్తు చేసుకున్నా గుర్తు రావట్లేదు.

కాబట్టి దీన్ని సీరియస్‌గానే తీసుకున్నాను. విజయవాడలో టీకి కొదవ లేదు, బందరు రోడ్డు మీద ఒక చివర్నుంచి ఇంకో చివరికి నడిస్తే అల్లం టీ, బెల్లం టీ, మట్టి కప్పు టీ ఎన్ని బళ్లో లెక్కపెట్టలేం, వాటిలో కొన్ని చాలా బావుంటాయి కూడా. కానీ అవన్నీ నిలబడి తాగి వెళ్లిపోయే టీలు. నాకు కావాల్సింది మెత్తని కుర్చీ, పింగాణీ పాట్, పక్కన ఏవో నాలుగు చిరుతిళ్లు, రెండు గంటల టైమ్. ఇంగ్లీషు వాళ్లు ఆఫ్టర్‌నూన్ టీ అంటారే, అది.

ఇది మొదలైన కథ వింటే మన ఇళ్లలో సంగతిలాగే ఉంటుంది. 1840 ప్రాంతంలో ఇంగ్లండ్‌లో బెడ్‌ఫర్డ్ డచెస్ అన్నా అని ఒకావిడ ఉండేది. అప్పట్లో పెద్దింటి వాళ్లు రాత్రి భోజనం ఎనిమిదింటికి గానీ చేసేవాళ్లు కాదట, మధ్యాహ్నం తిన్నది నాలుగయ్యేసరికి అరిగిపోయి నీరసం వచ్చేది. ఆవిడ తన గదికి టీ, బ్రెడ్డు, వెన్న, కేకు తెప్పించుకోవడం మొదలుపెట్టింది, తర్వాత స్నేహితురాళ్లని పిలిచింది, అది ఫ్యాషన్ అయింది. పన్నెండున్నరకి అన్నం తిని రాత్రి తొమ్మిది దాకా ఆగాల్సిన మన ఇళ్లలో నాలుగింటికి జంతికల డబ్బా మూత తెరవడం కూడా ఇదే కదా. తేడా ఏంటంటే, ఆవిడకి తెచ్చిపెట్టడానికి మనుషులున్నారు. అమ్మే ఆ తెచ్చిపెట్టే మనిషి.

మొదటిసారి నేను బోల్తా పడ్డాను. ఊళ్లో ఒక పెద్ద హోటల్, పేరు అక్కర్లేదు. ముందు ఫోన్ చేయకుండా నేరుగా తీసుకెళ్లాను. ఏసీ బావుంది, సోఫా బావుంది, అమ్మ పట్టుచీర కొంగు సర్దుకుని ఎంతో సంబరంగా కూర్చుంది. టీ వచ్చింది. కప్పులో గోరువెచ్చని నీళ్లు, పక్కన సాసర్‌లో కాగితం చుట్టిన టీ బ్యాగ్, ఒక పంచదార పొట్లం, పాలపొడి పొట్లం. అమ్మ బ్యాగ్‌ని ముంచి తీస్తూ ముంచి తీస్తూ ఉంది, నీళ్లకి ఎండుగడ్డి రంగు దాటి ఇంకేమీ రావట్లేదు. ఇరవై నిమిషాలు కాకముందే బిల్లు ఫోల్డర్ తెచ్చి టేబుల్ మీద పెట్టారు, ఇంకో కుర్రాడొచ్చి మా మోచేతుల చుట్టూ తుడవడం మొదలుపెట్టాడు. అమ్మ వెంటనే లేచి నిలబడింది. "పద, వాళ్లకి పనుంది" అంది. ఆ మాటకి నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి, కారెక్కేదాకా ఆపుకున్నాను.

అప్పుడు కూర్చుని ఈ విషయం శ్రద్ధగా తెలుసుకున్నాను, ఊళ్లో ఉన్న హోటళ్లన్నిటికీ ఫోన్లు చేశాను. ఆ గొడవంతా మీరు పడక్కర్లేకుండా ఇక్కడ రాస్తున్నాను.

మొట్టమొదటి సంగతి, ఫోన్ చేసినప్పుడు "హై టీ ఉందా" అని అడగకండి. మన హోటళ్లలో హై టీ అంటే ఎక్కువగా మీటింగులకీ ఫంక్షన్లకీ పెట్టే బఫే, సమోసా, పకోడీ, మరిగించి పెట్టిన టీ డ్రమ్ము, అదీ ఇంతమంది ఉంటేనే అంటారు. అసలు ఇంగ్లండ్‌లో హై టీ అంటే ఫ్యాక్టరీ పని నుంచి ఇంటికొచ్చిన వాళ్లు సాయంత్రం బల్ల దగ్గర కూర్చుని మాంసం, బ్రెడ్డుతో కడుపునిండా తినే భోజనం, డచెస్‌ గారి టీకీ దానికీ పోలికే లేదు. కాబట్టి విడమరిచి అడగండి. లూజ్ లీఫ్ టీ, అంటే బ్యాగులో కాకుండా విడిగా ఉండే ఆకు ఉందా, పాట్‌లో వేసి ఇస్తారా, పాలు విడిగా ఇస్తారా, ఇద్దరమే వస్తాం, రెండు గంటలు కూర్చుంటాం, పరవాలేదా? ఈ చివరి ప్రశ్నకి అవతలి గొంతు ఎలా మారుతుందో వింటే సగం తెలిసిపోతుంది. ఒకచోట "మీ ఇష్టం మేడమ్, ఆ టైమ్‌కి ఖాళీగానే ఉంటుంది" అన్నాడొక అబ్బాయి, నాకు అక్కడే నచ్చేసింది.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, విజయవాడలో భారతీనగర్‌లో నొవొటెల్ ఉంది, బందరు రోడ్డు పొడుగునా పెద్ద హోటళ్లున్నాయి. గుంటూరు వాళ్లయితే విద్యానగర్‌లో ఐటీసీ వాళ్ల వెల్‌కమ్‌హోటల్ ఉంది, 2022లో తెరిచారు. అక్కడి నుంచి ఇక్కడికీ ఇక్కడి నుంచి అక్కడికీ ముప్ఫై అయిదు కిలోమీటర్లే కాబట్టి మార్చి మార్చి వెళ్లొచ్చు. మెనూ, రేట్లు నేను రాయట్లేదు, అవి మారిపోతుంటాయి, నేను రాసింది పట్టుకుని మీరు వెళ్లి నిరాశపడటం నాకిష్టం లేదు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి, గది అద్దె రోజుకి 7,500 రూపాయలు దాటే హోటళ్లలో తిండి మీద జీఎస్టీ 18 శాతం, మామూలు రెస్టారెంట్లలో 5 శాతం. బిల్లు చూసి కంగారు పడకుండా ముందే లెక్కేసుకోవచ్చు.

టైమ్ నాలుగు నుంచి ఆరు. లంచ్ జనం వెళ్లిపోయి డిన్నర్ జనం రాని వేళ అది, కిటికీ పక్క టేబుల్ అడిగితే ఇస్తారు. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా అయితే మరీ మంచిది. మే నెలలో బెజవాడ ఎండలో నాలుగింటికి ఇల్లు కదలడం పెద్దవాళ్లకి శిక్ష, అప్పుడు ఇంట్లోనే పెట్టుకోవాలి, దాని సంగతి కింద చెప్తాను.

టీ గురించి కాస్త చెప్పుకోవాలి, ఎందుకంటే డబ్బు పెట్టి కూడా మనం దెబ్బతినేది ఇక్కడే. మన ఇళ్లలో, బళ్ల మీద వాడేది సీటీసీ, ఆకుని నలిపి, చీల్చి, గుండ్రంగా చుట్టిన గుళికలు. పాలల్లో మరిగిస్తే రంగు, కడుపులో వెచ్చదనం దానికే వస్తాయి, నాకు ప్రాణం అది. కానీ డార్జీలింగ్ ఆకు అలాంటిది కాదు. మార్చి, ఏప్రిల్ నెలల్లో కోసే మొదటి కోతని ఫస్ట్ ఫ్లష్ అంటారు, లేత రంగు, పూల వాసన. మే, జూన్‌లో కోసేది సెకండ్ ఫ్లష్, దానికి ద్రాక్షపళ్ల లాంటి వాసన ఉంటుంది. వీటిని పాలల్లో మరిగిస్తే ఆ వాసనంతా పోతుంది, డబ్బు కూడా పోయినట్టే. నీళ్లు మరిగాక ఒక నిమిషం ఆగి పోసి, మూడు నిమిషాలకి వడకట్టేయాలి. పాలు కావాలంటే అస్సాం ఆకు తీసుకోండి, దానికి సలసల మరిగే నీళ్లు, నాలుగైదు నిమిషాలు. నీలగిరి ఆకు ఈ రెండిటికీ మధ్యలో ఉంటుంది, పాలతోనూ బావుంటుంది, లేకుండానూ బావుంటుంది. మొదటిసారి వెళ్లేవాళ్లు పెద్దవాళ్లకి ఇదే చెప్పండి. ఎర్ల్ గ్రే అని మెనూలో కనిపిస్తే అది బెర్గమాట్ అనే నారింజ జాతి పండు తొక్క నూనె వాసన పట్టించిన టీ. మా పిన్నికి ఆ వాసన తలనూనెలా అనిపించింది, నాకు మాత్రం చాలా ఇష్టం.

రెండోసారి వెళ్లింది సంక్రాంతి అయిపోయాక. వేరే హోటల్, నేను ముందురోజు ఫోన్ చేసి అన్నీ చెప్పి పెట్టుకున్నాను. తెల్లటి పింగాణీ పాట్ వచ్చింది, చిన్న ఇసుక గడియారం, వడకట్టే జాలీ, పాలు వేడిగా విడిగా గిన్నెలో. అమ్మ పాట్ మూత తీసి లోపలికి తొంగిచూసింది. నల్లగా ముడుచుకుని ఉన్న ఆకులు ఒక్కొక్కటే విప్పుకుంటున్నాయి, కొన్ని పైకి లేచి మళ్లీ మెల్లగా కిందికి దిగుతున్నాయి, నీళ్లు చివర్లో తేనె రంగుకి వచ్చాయి. ఇసుక ఇంకా పడుతూనే ఉంది. "ఇక తీసెయ్యాలి, చేదెక్కుతుంది" అని తనే వంచేసింది. నలభై ఏళ్లు డికాషన్ తీసిన చెయ్యి, గడియారంతో పనేముంది. వడ్డించే అబ్బాయిని పిలిచి, "బాబూ, ఆకు పారెయ్యొద్దు, ఇంకోసారి వేడినీళ్లు తెచ్చి పొయ్యి" అంది. అది సరైన పద్ధతే, మంచి ఆకు రెండోసారి కూడా బాగానే దిగుతుంది. ఆ అబ్బాయి మొహం వెలిగిపోయింది. "మా అమ్మా ఇలాగే అంటుందమ్మా" అన్నాడు, అప్పటిదాకా అన్న మేడమ్ మానేసి.

మూడంతస్తుల స్టాండ్ కూడా వచ్చింది. కింద పళ్లెంలో అంచులు కోసేసిన కీరా శాండ్‌విచ్‌లు, మధ్యలో కేకు ముక్కలు, పైన చిన్న చిన్న స్వీట్లు. కింద నుంచి పైకి తినుకుంటూ పోవాలి, ఉప్పువి ముందు, తీపి చివర. శాండ్‌విచ్‌లు మామూలుగా ఉన్నాయి, కేకు కాస్త పొడి పొడిగా ఉంది, వాటి గురించి ఇంతకంటే చెప్పడానికేమీ లేదు. రెండు గంటలు దాటింది. అమ్మ తన పెళ్లికి ముందు మూడేళ్లు ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పిందని నాకు ఆ రోజే తెలిసింది. ముప్ఫై నాలుగేళ్ల కూతుర్ని, నాకు తెలియదు! ఎందుకు చెప్పలేదమ్మా అంటే, "ఎప్పుడు కూర్చున్నాం కనక" అంది.

నది కావాలనుకునేవాళ్లకి ఇంకో దారి. మంచి ఆకు ఇంట్లో కాచి, వడకట్టి ఫ్లాస్క్‌లో పోసుకుని, రెండు పింగాణీ కప్పులు టవల్లో చుట్టుకుని భవానీపురం వైపు కృష్ణ ఒడ్డుకి, పున్నమి ఘాట్ మెట్ల మీదికి వెళ్లండి. ఎదురుగా భవానీ ద్వీపం, వెనక ఊరి హడావిడి. శీతాకాలంలో అయిదున్నర దాటగానే ఎర్రటి వెలుగంతా నీళ్ల మీదికి దిగుతుంది. కాగితం కప్పులు మాత్రం వద్దు, టీలో కాగితం రుచి వచ్చేస్తుంది, పైగా అవి నదిలోకి ఎగిరిపోతాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి మెట్లు కష్టం, మడత కుర్చీ తీసుకెళ్లండి.

ఇక ఇంట్లో. ఇప్పుడు నెలకో ఆదివారం మొగల్రాజపురంలో మా ఇంట్లోనే పెడుతున్నాను, నిజం చెప్పాలంటే హోటల్ కంటే బాగా కుదురుతోంది. ఆఫ్టర్‌నూన్ టీలో అసలు గొప్పగా చెప్పుకునేది స్కోన్ అనే చిన్న బన్ను లాంటిది, దాని మీద క్లాటెడ్ క్రీమ్, జామ్. ఇంగ్లండ్‌లో డెవన్ అనే ప్రాంతం వాళ్లు ముందు క్రీమ్ రాసి పైన జామ్ వేస్తారు, పక్కనే ఉన్న కార్న్‌వాల్ వాళ్లు ముందు జామ్, దాని మీద క్రీమ్, దీని మీద వాళ్లకి తగువులు కూడా ఉన్నాయి. ఆ క్లాటెడ్ క్రీమ్ ఎలా చేస్తారో అమ్మకి చదివి వినిపించాను, సన్నటి వేడి మీద గంటల తరబడి కాచి, చల్లారబెట్టి, పైన గడ్డకట్టింది తీయడం. "మీగడే కదే అది" అంది. మీగడే. గేదె పాలు సన్నటి సెగ మీద కాచి రాత్రంతా ఫ్రిజ్‌లో పెడితే పొద్దున్నే చపాతీలా మడతపెట్టి తీసేంత మీగడ వస్తుంది. బేకరీలో తాజా బన్ను తెచ్చి, సగానికి కోసి, పెనం మీద వెన్నతో కాల్చి, దాని మీద ఆ మీగడ దట్టంగా, పైన మామిడి జామ్. మేం కార్న్‌వాల్ పద్ధతి కూడా చూశాం, జారిపోతోంది, ముందు మీగడే రైటు. పక్కన కారం వైపు పునుగులు, అల్లం పచ్చడి. తీపి వైపు బందరు లడ్డు, ఆత్రేయపురం పూతరేకులు. పూతరేకు నీలగిరి టీతో తిని చూడండి, పాలు కలపకుండా.

మొన్న ఆదివారం టీ పోశాక కాలింగ్ బెల్ మోగింది. అమ్మ అలవాటుగా కుర్చీ చేతుల మీద ఆనుకుని సగం లేచింది. నేను ఇంకా ఏమీ అనకముందే మళ్లీ తనే కూర్చుంది, కప్పు చేతిలోకి తీసుకుని, "ఎవరో చూడవే" అంది. కొరియర్ వాడు. సంతకం పెట్టి వచ్చేసరికి రెండో బన్ను మీద మీగడ రాస్తోంది, నాక్కాదు, తనకే.