పెన్ కోవ్ దగ్గర ఒక శనివారం

2025 ఏప్రిల్, శనివారం రాత్రి

ఇవాళ వాన లేదు, గాలి కూడా పెద్దగా లేదు. ఏప్రిల్లో సియాటిల్ చుట్టుపక్కల ఇలాంటి రోజు దొరికితే ఇంట్లో కూర్చోబుద్ధి కాదు. మా ఆయనకి ఆఫీసులో ఆన్‌కాల్ డ్యూటీ, కదలడానికి వీల్లేదన్నారు. సరే, నేనూ అమ్మా విడ్‌బీ దీవికి బయల్దేరాం. అమ్మ కాకినాడ నుంచి వచ్చిన దగ్గర్నుంచీ మాల్సూ గుళ్ళూ చూసి విసిగిపోయి, "మీకు సముద్రం ఎక్కడుందే?" అని ఒకటే అడుగుతోంది. పొద్దున్నే లేచి పులిహోర కలిపి స్టీలు డబ్బాలో సర్దేసింది.

ముకిల్టియోలో ఫెర్రీ కోసం కార్ల లైను రోడ్డు మీద చాలా దూరం ఉంది. మా వంతు వచ్చేసరికి రేవులో ఆగిన ఫెర్రీ పేరు టోకిటే. అమ్మ ఆ పేరు కూడబలుక్కుని చదివి "ఎవరే ఈవిడ?" అంది. ఈ పేరుతో ఒక ఓర్కా, అంటే నలుపూ తెలుపూ ఒంటి కిల్లర్ వేల్, ఉండేదమ్మా, మనం వెళ్ళే దీవి దగ్గరే పట్టుకుపోయారు, అన్నాను. అక్కడ మొదలైన కబురు రాత్రి భోజనాల దాకా నడిచింది. అమ్మ పడుకుంది. నాకు నిద్ర రావడం లేదు, అందుకే రాస్తున్నాను.

క్లింటన్‌లో దిగి ముందు లాంగ్లీ వెళ్ళాం. అక్కడ సరటోగా పాసేజ్ మీదకి చూస్తూ చిన్న పార్కు ఒకటుంది. అందులో గంట కట్టారు. నీళ్ళలో తిమింగలం కనిపిస్తే, చూసినవాళ్ళు ఎవరైనా ఆ గంట కొట్టవచ్చు. వసంతంలో కొన్ని బూడిద రంగు తిమింగలాలు మెక్సికో నుంచి ఉత్తరానికి పోతూ దారి మళ్ళి, ఇక్కడి బురదలో రొయ్యలు తినడానికి వస్తాయి. మేమున్నంతసేపూ ఏమీ కనిపించలేదు. అమ్మ మాత్రం గంట తాడు పట్టుకునే నిలబడింది. పక్కనున్న ఒక పెద్దాయన బైనాక్యులర్స్ ఇచ్చి, ఎటు చూడాలో వేలితో చూపించాడు. ఈ ఊళ్ళో తిమింగలం అంటే చుట్టపుచూపుగా వచ్చే మనిషి కిందే లెక్క. ఆ మర్యాద నాకెంతో ఇష్టం.

పెన్ కోవ్ చేరేసరికి మధ్యాహ్నం అయింది. కూప్‌విల్ పక్కన లోపలికి చొచ్చుకొచ్చిన పొడవాటి అఖాతం అది. ఆల్చిప్పలు పెంచే తెప్పలు వరసగా తేలుతున్నాయి, ఒక్కో తెప్ప కింద తాళ్ళు వేలాడుతుంటాయి, ఆ తాళ్ళకి ఆల్చిప్పలు గుత్తులుగా పట్టుకుని పెరుగుతాయి. నీళ్ళు పలచటి ఆకుపచ్చ. ఒడ్డున గులకరాళ్ళ మీద కూర్చుని పులిహోర తింటూ అమ్మకి జరిగినదంతా చెప్పాను.

1970 ఆగస్టు 8. పార్కులకి ఓర్కాలను పట్టి అమ్మేవాళ్ళు స్పీడుబోట్లూ విమానాలూ వేసుకుని, నీళ్ళలో పేలుళ్ళు చేస్తూ ఎనభైకి పైగా ఓర్కాలను ఈ అఖాతంలోకి తరిమారు. వల చుట్టారు. వాళ్ళకి కావలసింది పిల్లలు, ఎందుకంటే పెద్దవాటిని లారీలో వేసుకుని పోవడం కష్టం. పిల్లల్ని తల్లుల దగ్గర్నుంచి విడదీశారు. వల బయట ఉన్నవి పారిపోవచ్చు, కానీ పోలేదు, పిల్లల్ని బంధించిన చోటుకి దగ్గర్లోనే తిరుగుతూ అరుస్తూ ఉండిపోయాయని చూసినవాళ్ళు చెప్పారు. ఏడింటిని పార్కులకి అమ్మేశారు. వలలో చిక్కుకుని ఐదు చనిపోయాయి, వాటిలో నాలుగు పిల్లలే. ఆ సంగతి బయటికి రాకూడదని పొట్టలు కోసి, రాళ్ళు నింపి, లంగర్లు కట్టి ముంచేశారు. కొన్ని నెలలకి కొన్ని కళేబరాలు ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. అప్పుడు గానీ జనానికి తెలియలేదు.

అమ్మ చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. "తల్లులు చూస్తుండగానా?" అంది. అవునన్నాను.

ఇక్కడి ఓర్కాలు మగవైనా ఆడవైనా బతికినంత కాలం తల్లి గుంపులోనే ఉంటాయి. ఒక్కో గుంపుకి తమవైన పిలుపులు ఉంటాయి, పిల్లలు తల్లి దగ్గర నేర్చుకుంటాయి. టోకిటే, ముద్దుగా టోకీ, ఎల్ పాడ్ అనే గుంపు పిల్ల. అప్పటికి నాలుగేళ్ళు ఉంటాయేమో. మయామీలో ఒక పార్కుకి పోయింది. అక్కడ దాని కొలను పొడవు 80 అడుగులు, ఎక్కువ లోతున్న చోట 20 అడుగులు. పెద్దయ్యాక దాని ఒళ్ళే 20 అడుగులు. హ్యూగో అని ఇక్కడి నీళ్ళదే ఇంకో ఓర్కా తోడుండేది. అది తలను గోడకేసి పదే పదే బాదుకుని 1980లో చచ్చిపోయింది. ఆ తర్వాత నలభై ఏళ్ళకి పైగా టోకీకి తన జాతి తోడు లేదు. అయినా చిన్నప్పుడు నేర్చుకున్న ఎల్ పాడ్ పిలుపులు మయామీ కొలనులో కూడా పిలిచేదని దాన్ని దగ్గర్నుంచి చూసినవాళ్ళు చెప్పారు. ఎవరు పలుకుతారని పిలిచిందో.

దీన్ని ఇంటికి తీసుకురావాలని ఇక్కడివాళ్ళు 1995 నుంచీ పోరాడారు. ఇక్కడి ఆదివాసులైన లమ్మి తెగవారికి ఓర్కాలు అలల కింద ఉండే బంధువులు. వాళ్ళు 2018లో చెక్కిన స్తంభాన్ని ట్రక్కు మీద పెట్టుకుని ఇక్కడ్నుంచి మయామీ దాకా దేశం అడ్డంగా ప్రయాణం చేశారు. చివరికి 2023 మార్చి 30న పార్కు నడిపే కంపెనీ ఒప్పుకుంది. ఏడాదిన్నర, రెండేళ్ళలో సేలిష్ సముద్రంలోకి, అంటే ఇక్కడి నీళ్ళలోకి, తెస్తామన్నారు. ఆ రోజు నేను ఆఫీసులో ఫోన్లో చదివి డెస్క్ దగ్గరే ఏడ్చేశాను. ఐదు నెలలు కూడా కాలేదు, ఆగస్టు 18న టోకీ మయామీలోనే పోయింది. సెప్టెంబరులో లమ్మి వాళ్ళు దాని బూడిదని ఈ నీళ్ళలో కలిపారు.

అప్పుడు అమ్మ అడిగింది, అందరూ అడిగేదే: "యాభై ఏళ్ళు తొట్టిలో పెరిగింది కదే, సముద్రంలో వదిలేస్తే బతికేదా?"

వదిలేయడం కాదమ్మా, సముద్రపు అభయారణ్యం అంటారు. చుట్టూ కొండో గుట్టో ఉన్న అఖాతం చూసుకుంటారు. పెన్ కోవ్ లాంటి ఆకారమే. దాని నోటికి అడ్డంగా గట్టి వల కడతారు. ఒడ్డున డాక్టర్లూ, చేపలు పెట్టే మనుషులూ, మందులూ అన్నీ ఉంటాయి. జంతువు పాత మనుషుల చేతుల మీదే కొత్త నీళ్ళకి అలవాటు పడుతుంది. ఆటుపోట్లు ఉంటాయి, పీతలూ చేపలూ వల కన్నాల్లోంచి వచ్చిపోతుంటాయి, దూరాన ఉన్న తిమింగలాల పిలుపులు నీళ్ళలోంచి వినిపిస్తాయి. షోలు ఉండవు. బతికున్న చేపని తరిమి పట్టుకోవడం నేర్చుకుంటే మంచిదే, లేకపోతే చచ్చేదాకా బకెట్లోంచే పెడతారు. టోకీ వల దాటి తల్లి గుంపులో కలవడం చాలామంది కల. కానీ ఆ ఒక్కటీ జరక్కపోయినా ఆ చోటు ఉండి తీరాలి అని నా పట్టుదల. అడుగున పాచీ నాచూ ఉన్న నీళ్ళలో తిన్నగా వంద గజాలు ఈదగలగడం, అదొక్కటే చాలు దానికి.

పూర్తిగా వదలడం కుదిరిన కథ కూడా చెప్పాను. 2002 జనవరిలో సియాటిల్ దగ్గర ఫెర్రీలు తిరిగే దారిలో ఒంటరి ఓర్కా పిల్ల కనిపించింది. తల్లి పోయింది, ఒళ్ళంతా చర్మరోగం, పొట్టలో పురుగులు. దాని పిలుపులు విని కెనడాలోని బ్రిటిష్ కొలంబియా గుంపు పిల్ల అని గుర్తుపట్టారు. పేరు స్ప్రింగర్. జూన్‌లో పట్టుకుని ఇక్కడి మాంచెస్టర్ అనే ఊరి దగ్గర వల దొడ్లో పెట్టి నెల రోజులు వైద్యం చేశారు, మనిషికి మరగకుండా ఎంతో జాగ్రత్త పడ్డారు. జులై 13న వేగంగా పోయే పడవలో ఉత్తరాన జాన్‌స్టన్ జలసంధికి చేర్చారు. అక్కడి నమ్‌గీస్ తెగవారు దాని కోసం బతికున్న సాల్మన్ చేపలు పట్టి ముందే దొడ్లో వదిలి ఉంచారు. మర్నాడు చుట్టాల గుంపు ఆ దారినే వచ్చింది, వల తీశారు. 2013లో ఒక పిల్లని, 2017లో ఇంకో పిల్లని కన్నది స్ప్రింగర్. ఈ మాట చెప్తున్నప్పుడు అమ్మ మొహం చూడాలి.

కైకో కథ ఇంత తేలిక కాదు. 1979లో ఐస్‌లాండ్‌లో పట్టిన ఓర్కా, మెక్సికో సిటీలో వేడి నీళ్ళలో చిక్కిపోయి, సినిమాలో వేసిన పుణ్యాన లోకం కంట పడింది. ఓరెగాన్‌లో కోలుకుని 1998లో ఐస్‌లాండ్‌లోని క్లెట్స్‌విక్ అఖాతానికి చేరింది. 2002లో సొంతంగా సముద్రం దాటి నార్వే పోయింది, మనుషుల్ని వెతుక్కుంటూ తీరానికి వచ్చేది, మరుసటి ఏడాది డిసెంబరులో న్యుమోనియాతో పోయింది. ఓడిపోయిన ప్రయత్నం అంటారు చాలామంది. నేను ఒప్పుకోను. ఐదేళ్ళు సముద్రంలో ఈదింది, తన ఇష్టం వచ్చిన దిక్కుకి పోయింది. దాని చుట్టాలెవరో ఎవరికీ తెలియకపోవడమే దాని దురదృష్టం. అదే క్లెట్స్‌విక్‌కి 2019లో షాంఘై పార్కు నుంచి లిటిల్ వైట్, లిటిల్ గ్రే అనే రెండు బెలూగాలను (తెల్ల తిమింగలాలను) కార్గో విమానంలో తెచ్చారు. మరుసటి ఏడాది అఖాతంలో దింపారు గానీ, మళ్ళీ లోపలి కొలనుకి తేవలసి వచ్చింది. వాటి సమయం వాటికి పడుతుంది, ఆ ఓపిక పట్టే మనుషులు ఉండటమే అక్కడ పెద్ద విషయం.

తిరుగు ఫెర్రీలో అమ్మ, "మన దగ్గర ఉన్నాయా ఇలాంటి పార్కులు?" అంది. 2013లో కేంద్రం డాల్ఫిన్ షోలకి అనుమతి ఇవ్వొద్దని రాష్ట్రాలకి రాసిందని చెప్పాను. "మంచి పని చేశారు" అని ఊరుకుంది. కాసేపటికి తనే, "మరి టోకీకి అంత ఆలస్యం ఎందుకయింది? కంపెనీ వాడు ఒప్పుకోకనేనా?" అంది.

అది సగమే. ఒప్పుకున్న రోజున కూడా ఇక్కడ అఖాతం సిద్ధంగా లేదు. వల లేదు, జెట్టీ లేదు, ప్రభుత్వ అనుమతులు లేవు, డెబ్భై చిల్లర మిగిలిన ఇక్కడి ఓర్కాలకి మయామీ రోగాలు అంటవని తేల్చే పరీక్షలు పూర్తి కాలేదు. అవన్నీ కావలసినవే, ఒక్కటీ దండగ కాదు. కానీ అవన్నీ కంపెనీ సరే అన్నాక మొదలుపెట్టే పనులు కావు. స్ప్రింగర్ ఎవరి సొత్తూ కాదు కాబట్టి ఆరు నెలల్లో అందరూ కలిసి కదిలారు. టోకీ ఒకరి సొత్తు కాబట్టి ఆ ఒకరిని ఒప్పించడంలోనే పాతికేళ్ళు పోయాయి, చోటు కట్టడం మీదికి ఎవరి చేతులూ పోలేదు. చోటు ముందు కట్టాలి. ఖాళీగా ఉన్నా సరే కట్టి ఉంచాలి. ఊళ్ళో తుపాను షెల్టరు కట్టేది తుపాను వచ్చాక కాదు కదా.

కెనడాలో నోవా స్కోషియా తీరాన పోర్ట్ హిల్‌ఫర్డ్ అనే అఖాతాన్ని 2020లో ఇందుకోసమే ఎంచుకున్నారు, వంద ఎకరాలంత నీళ్ళు. 2025 ఏప్రిల్ నాటికి ఇంకా అనుమతుల దశలోనే ఉంది. కెనడా 2019లో తిమింగలాలను బంధించి పెంచడం నిషేధించింది. అయినా అప్పటికే ఉన్నవాటికి పోయే చోటు లేక, కిస్కా అనే ఓర్కా ఒంటారియోలో 2023 మార్చిలో ఒంటరిగా చచ్చిపోయింది. ఫ్రాన్స్‌లో ఆంటీబ్ పార్కు 2025 జనవరి 5న మూతపడింది. వికీ అనే తల్లి, కేజో అనే కొడుకు అక్కడే మిగిలాయి. జపాన్ పార్కుకి పంపుతామంటే ఫ్రెంచి ప్రభుత్వం వద్దంది. సముద్రపు అభయారణ్యానికి పంపుదామంటే అప్పటికి ఓర్కాల కోసం కట్టి సిద్ధంగా ఉన్నది ఎక్కడా లేదు. వికీ 2001లో ఆ కొలనులోనే పుట్టింది, కేజో 2013లో అక్కడే పుట్టాడు. వీళ్ళకి వెతకడానికి అడవి గుంపు లేదు, వీళ్ళని వదిలే మాటే లేదు, వల కట్టిన అఖాతమే వీళ్ళకి దొరకగల సముద్రం.

రాత్రి అన్నం తింటూ అమ్మ నాన్నకి వాట్సాప్‌లో ఫోన్ చేసి మొత్తం తన ధోరణిలో చెప్పింది, పొట్టలో రాళ్ళు నింపిన సంగతి దగ్గర కాసేపు మాట రాలేదు. నాన్న అటునుంచి, "ఆ ఫ్రాన్సువాటికి ఎంత కావాలిట కట్టడానికి? మనం ఏమైనా పంపొచ్చా?" అన్నారు. రేపు పొద్దున్న నోవా స్కోషియా వాళ్ళ వివరాలు చూసి నాన్నకి చెప్పాలి.