పసుపు డబ్బాల గేములు, ఒక ఆదివారం

రాత్రి పన్నెండు దాటింది, పొద్దున్నే డ్యూటీ ఉంది, అయినా ఇది రాసుకోకపోతే నిద్ర పట్టేటట్టు లేదు. ఈరోజు విశేషం ఏం లేదు అసలు. పొద్దున అమ్మ సర్వపిండి పెట్టింది, తిన్న, బండి కడిగిన, ఆ తర్వాత డేస్ గాన్ అనే వీడియో గేమ్‌ల మిగిలిన ఆఖరి మిషన్లు పూర్తి చేసిన. వానలు మొదలైనప్పుడు పెట్టిన గేమ్, ఇప్పటికి అయింది, డ్యూటీ నుంచి వచ్చినంక గంట గంటన్నర కంటె నాకు టైమ్ దొరకదు మరి.

చిన్నమ్మ కొడుకు నిన్ననే హుజూరాబాద్ నుంచి వచ్చిండు, పక్కన కూసోని చూస్తున్నడు. ఆఖర్ల పేర్లు పడుతుంటె వాడు ఫోన్ల ఏదో వెతికి "అన్నా, దీనికి వందకి 71 ఏ ఇచ్చిండ్రట గదనే, గింత యావరేజ్ గేమ్‌కి గిన్ని రోజులు ఎందుకు పెట్టినవ్?" అన్నడు. ఎక్కిరిచ్చుడు కాదు, నిజంగనే అడిగిండు. అంతల అమ్మ కూరగాయలకు పిలిచింది, మాట ఆడికే ఆగింది, కానీ దినమంత నా తలకాయల అదే తిరిగింది.

71 అంటె ఏంది? రివ్యూల మార్కులన్నీ ఒక్కకాడ పెట్టే మెటాక్రిటిక్ అనే సైట్ల 75, ఆపైన వస్తె పచ్చ డబ్బా, 50 నుంచి 74 దాకా పసుపు డబ్బా, ఇంక కిందికి పోతె ఎరుపు. రివ్యూ రాసినోళ్ల మార్కులన్నీ కలిపి సగటు తీస్తరు, అది కూడ మామూలు సగటు కాదు, కొందరి మాటకి బరువు ఎక్కువ, కొందరికి తక్కువ, ఎవరికి ఎంతనో బయటికి చెప్పరు. సరే, అది వాళ్ల పద్ధతి. నా బాధ ఏందంటె, ఒకరు బగ్గుల కోసం, అంటె గేమ్ నడిచేటప్పుడు వచ్చే తప్పుల కోసం, తగ్గించిన మార్కు, ఇంకొకరు కథ సాగదీసిండ్రని తగ్గించిన మార్కు, మరొకరు మిషన్లు ఒక్కతీరే ఉన్నయని తగ్గించిన మార్కు, ఇవన్నీ పోయి ఒకటే అంకెల కలిసిపోతయి, చదివెటోనికి మిగిలేది "ఓ మోస్తరు" అనే ముక్క ఒక్కటే. కానీ ఓ మోస్తరు గేములన్నీ ఒక్కతీరు ఉండయి. కొన్నిట్ల ఏదీ బాగుండదు, ఏదీ ఖరాబుగ ఉండదు, వారం తర్వాత హీరో పేరు కూడ యాదికుండదు. ఇంకొన్నిట్ల ఒక్క ముచ్చట మాత్రం వేరే ఏ గేమ్ల దొరకనంత గొప్పగ ఉంటది, దాని పక్కనే పళ్లు కొరుక్కునేటంత ఖరాబు ముచ్చట ఇంకోటి ఉంటది. రెండింటికీ అదే పసుపు డబ్బా.

డేస్ గాన్ రెండో రకం. 2019 ఏప్రిల్ 26న ప్లేస్టేషన్ 4 మీద వచ్చింది, చేసింది బెండ్ స్టూడియో, వాళ్లది అమెరికాల ఒరెగాన్ రాష్ట్రం, గేమ్ నడిచేది కూడ ఆడనే, వాళ్ల సొంతూరి చుట్టూ ఉన్న అడవులు, గుట్టలు, మంచు అన్నీ అండ్ల ఉన్నయి. మొదట్ల ఆడినోళ్లకి ఫ్రేములు పడిపోయినయి, సౌండ్ ఆగింది, అదంత నిజమే, అప్పుడు రాసినోళ్లు రాసింది తప్పేం కాదు. కానీ తర్వాత ఆ తప్పులు సరిచేసే ప్యాచులొచ్చినయి, 2021 మే నెలల పీసీకి వచ్చినప్పుడు మంచిగనే నడిచింది. బగ్గు పోయింది, బగ్గుకి కోసిన మార్కు మాత్రం పోలే. దాన్ని ఎవ్వరూ తిరిగి కలపరు.

అట్లని నేను దాని తరఫున వకాల్తా పుచ్చుకుంటలేను. ప్యాచులతోని పోని తప్పులు దాంట్ల మస్తున్నయి. మొదటి ఎనిమిది పది గంటలు నిజంగనే గుంజుతయి, చేసిన పనే చేయిస్తరు, గేమ్ల నీరో అనే సంస్థ ఉంటది, దాని సైంటిస్టుల మాటలు గడ్డిల దాక్కోని వినే మిషన్లయితె మరీ అన్యాయం, ఒక్కడు చూసిండంటె అయిపాయె, మళ్ల మొదటికెల్లి మొదలువెట్టాలె, నీ తెలివి వాడనియ్యరు, వాళ్లు గీసిన దారిల పోవాలె అంతే. హీరో డీకన్ కూడ బండి మీద పోతుంటె తనల తాను గొణుక్కుంటనే ఉంటడు, కొన్నిసార్లు పాపం అనిపిస్తది, కొన్నిసార్లు చెవుల దూది పెట్టుకోవాలనిపిస్తది.

కానీ మందలు ఉన్నయి చూడు. వందల మంది ఫ్రీకర్లు, అంటె జాంబీలసొంటోళ్లు, ఒక్కసారి గుట్ట మీదికెల్లి దిగుతుంటె, అండ్ల బండిల పెట్రోల్ తక్కువుందని అప్పుడే యాదికొస్తే, ఆ గుండె దడ నాకు ఇంక ఏ గేమ్ల రాలే. పెట్రోల్ ఊకె అయిపోతదని, గేమ్ సేవ్ చేసుకోవాలంటె బండి దగ్గరికో మంచం దగ్గరికో రావాలని మస్తు మంది తిట్టిండ్రు. నాకు మాత్రం ఆ రెండు లేకపోతె గేమే లేదనిపిస్తది. బండి దూరంగ ఉంటె భయమైతది, బండి కనపడితె పానం లేచొస్తది, అది ఆ ఇబ్బందితోనే పుట్టింది. దాన్ని లోపాల లెక్కల రాసి మార్కు కోస్తె, ఆ గేమ్ ఏం చేద్దామనుకుందో చూడలేదన్నట్టే. సైంటిస్టుల మిషన్ లోపమే, అది తీసేస్తె గేమ్ బాగుపడతది. పెట్రోల్ తీసేస్తె పాడైతది. రివ్యూ రాసెటోళ్లు ఈ తేడా చెప్పాలె, నాకు వాళ్ల మీదున్న ఆశ అంతే.

మధ్యాన్నం అన్నం తిని పడుకున్న. లేచేసరికి మబ్బు పట్టింది.

సాయంత్రం తమ్ముడు, అమ్మ, నేను వేయి స్తంభాల గుడికి పోయినం, వాడు "పెద్దమ్మా, చిన్నప్పుడు చూసిన గంతే, పోదాం" అన్నడని. 1163ల రుద్రదేవుడు కట్టిచ్చిండు, రుద్రునికి, విష్ణువుకి, సూర్యునికి మూడు గర్భగుళ్లు. నల్లరాతి స్తంభం మీద ఆ నునుపు చూసుకుంట నిలబడితె నాకు రాజీ గేమ్ యాదికొచ్చింది. పుణెల నాడింగ్ హెడ్స్ గేమ్స్ అనేటోళ్లు చేసిండ్రు, 2020ల వచ్చింది, అంతకుముందు 2017ల కిక్‌స్టార్టర్ అనే సైట్ల జనం దగ్గర పైసలకి ప్రయత్నిస్తె కుదరలే, అయినా ఇడిసిపెట్టకుండ పూర్తి చేసిండ్రు. సర్కస్‌ల పనిచేసే పిల్ల రాజీ, తమ్ముడు గోలుని మహాబలాసురుడు ఎత్తుకపోతె ఎతుక్కుంట పోతది, దుర్గమ్మ, విష్ణువు పైకెల్లి చూసుకుంట మాట్లాడుకుంటరు. కోటలు, గుళ్లు రాజస్థాన్ తీరుగ ఉంటయి, కథ చెప్పే ముక్కలు తోలుబొమ్మలాట నీడల్లెక్క వస్తయి, గోడల మీది బొమ్మల ముందర నిలబడితె పురాణం వినిపిస్తది. నేను ఆ గోడల కాడ చానాసేపు ఆగిన, కొట్లాటలకంటె అదే ఎక్కువ నచ్చింది.

కొట్లాటలు మాత్రం బరువుగ నడుస్తయి, మనం వొత్తింది ఒకటి అయితె ఆ పిల్ల చేసేది జర ఆలస్యంగ చేసినట్టుంటది, కెమెరా దూరంగ ఒక్కకాడ పాతినట్టు ఉండేసరికి దుంకేటప్పుడు అంచు ఎంత దూరముందో తెలవది, అన్నింటికి మించి కథ సరిగ్గ మనసుల పడ్డంక టక్కున ఆపేసిండ్రు. రివ్యూలు కూడ ఇవే చెప్పినయి, ఇవి నిజాలే. మనోళ్లు కొంతమంది "ఇండియాల చేసిన గేమ్, గిట్ల రాస్తరా" అని కోపం చేసిండ్రు. నాకు ఆ కోపం నచ్చదు. మనోళ్లు చేసిండ్రని మార్కులు కలుపుడు అంటె వాళ్ల పనిని చిన్నగ చేసినట్టే, పాపం అని ఇచ్చిన పది కంటె గోడ బొమ్మలు అద్భుతం, కొట్లాట ఇంక పదును కావాలె అని తేటగ రాసిన ఏడు ఆ చేసినోళ్లకి ఎక్కువ పనికొస్తది. అమ్మ నంది కాడ కూసోని ఉంటె ఇదంత తమ్మునికి చెప్పిన. వాడు స్తంభాల దిక్కు చూసి "గీడ గేమ్ తీస్తె ఎట్లుంటదన్నా" అన్నడు. కోట కాడి కాకతీయ తోరణం కెల్లి మొదలువెట్టి, రామప్పల అయిపోవాలె అన్న. వాడు బాగ ఖుషీ అయిండు.

తిరిగొచ్చేటప్పుడు చౌరస్తాల మిర్చి బజ్జీలు తిన్నం, ఆడ వాడు ఇంకొకటి అడిగిండు, "ఒక్క మార్కు అటుఇటు అయితె ఏమైతదన్నా, మనకేం పోతది?" మనకేం పోదు, చేసినోళ్లకు పోతది. ఫాలౌట్ న్యూ వెగాస్ సంగతి చెప్పిన. 2010ల వచ్చింది, అబ్సిడియన్ వాళ్లు చేసిండ్రు, మెటాక్రిటిక్‌ల 85 వస్తె బోనస్ అని ఒప్పందం, వచ్చింది 84. ఇది అప్పట్ల ఆ కంపెనీల ఉన్న క్రిస్ అవెలోన్ 2012ల ట్విట్టర్‌ల చెప్పిండు. అది పసుపు డబ్బా గేమ్ కాదు, పచ్చదే, వచ్చిననాడు దాంట్ల బగ్గులు కూడ మామూలుగ లేవు, తగ్గించినోళ్లని అనటానికి లేదు. అయినా ఇయాల్టికి కూడ మాటల తోటి, ఎంపికల తోటి నడిచే గేముల ముచ్చట వస్తె ముందుగాల దాని పేరే తీస్తరు. ఆ ఒక్క మార్కు దగ్గర ఎంతమంది ఇంట్ల ఎంత లెక్క మారిందో అనిపిస్తది నాకు.

ఇంక డెడ్లీ ప్రిమోనిషన్. అది కూడ 2010లనే, జపాన్ నుంచి, స్వెరీ అనే దర్శకుడు. రివ్యూలు రాసే సైట్లల్ల ఐజీఎన్ అమెరికా వాళ్లు పదికి రెండు ఇచ్చిండ్రు, డిస్ట్రక్టాయిడ్ వాళ్లు పదికి పది. భయపెట్టే గేముల్ల రివ్యూలు ఇంతగ చీలింది ఇదే అని గిన్నెస్ బుక్కుల కూడ ఎక్కింది. సగటు పోయి పసుపుల పడింది. ఒక ఇంట్ల ఉప్పు కషాయమైన పప్పు, పక్కింట్ల ఉప్పే లేని పప్పు, రెండూ కలిపి సగటున ఉప్పు సరిపోయింది అన్నట్టు. ఆ గేమ్‌కి ఆరో ఏడో ఇయ్యాలనిపించినోళ్లు తక్కువ, దాన్ని ప్రేమించిండ్రు లేకపోతె ఇసిరికొట్టిండ్రు. కారు నడుపుడు, కాల్పులు రెండూ దరిద్రంగ ఉంటయి, అది ప్రేమించినోళ్లు కూడ ఒప్పుకుంటరు. ఆ ఊరు, ఆ ఊరి మనుషులు, ఎవ్వరి టైమ్ ప్రకారం వాళ్లు తిరుగుడు, కనపడని జాక్‌తోని హీరో ముచ్చట పెట్టుడు, దానికోసం మిగతాదంత భరించిండ్రు. నీకు మనుషులు కావాల్నా, చేతుల హాయిగ నడిచే ఆట కావాల్నా, అది తెలిస్తె నీ మార్కు నీకే తెలుస్తది.

ఇంటికొచ్చినంక తమ్ముడు అసలు ముచ్చట బయటపెట్టిండు, పీసీ గేములు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంల సేల్ నడుస్తుందట, ఒక్క గేమ్ కొనుక్కుంటడట, ల్యాప్‌టాప్ పాతది, కానిస్టేబుల్ పరీక్షకి చదువుతున్నడు కాబట్టి రాత్రి అరగంట ముప్పావుగంట కంటె ఎక్కువ ఆడడట. లిస్టుల మాఫియా 3, డేస్ గాన్, మ్యాడ్ మ్యాక్స్ పెట్టుకున్నడు. మూడు కూడ మొదట వచ్చినప్పుడు పసుపు ఇలాకల తిరిగినయే. "రెండు గంటలలోపు నచ్చకపోతె వాపసియ్యొచ్చు గదన్నా, అన్నీ చూసి ఒకటి ఉంచుకుంట" అన్నడు.

ఆడనే ఆగమన్న. కొన్న పద్నాలుగు రోజులల్ల, రెండు గంటలకంటె తక్కువ ఆడితె పైసలు వాపస్ వస్తయి, నిజమే, కానీ ఈ గేముల్ల ఆ రెండు గంటలు అబద్ధం చెప్తయి. మాఫియా 3ల మొదటి రెండు గంటలు గేమ్ మొత్తంల గొప్ప భాగం, 1968, వియత్నాం నుంచి వచ్చిన లింకన్ క్లే, న్యూ బోర్డో ఊరు, డాక్యుమెంటరీ లెక్క కథ చెప్పే తీరు, ఊపిరి ఆగుతది. ఆ తర్వాత ఒక్కో ఏరియాల అవే దందాలు చెడగొట్టుడు, వాళ్లనే కొట్టుడు, మళ్ల పక్క ఏరియా, మళ్ల అదే. 2016ల రివ్యూలు దీన్ని గట్టిగనే పట్టుకున్నయి, సరిగ్గ పట్టుకున్నయి. డేస్ గాన్ దీనికి ఉల్టా, మొదటి రెండు గంటలు చూస్తె ఎవ్వడైనా వాపస్ ఇస్తడు.

మ్యాడ్ మ్యాక్స్ తీసుకోమన్న. 2015 సెప్టెంబర్ 1న వచ్చింది, అదే రోజు మెటల్ గేర్ సాలిడ్ 5 కూడ దిగింది, ఇంక దీన్ని చూసెటోడెవడు. రివ్యూలల్ల రాసిన తప్పు ఒక్కటే పెద్దది, చేసిందే చేయాలె, క్యాంపు తర్వాత క్యాంపు, తుక్కు ఏరుకునుడు. కానీ రివ్యూ రాసెటోడు అదంత కొన్ని రోజులల్ల ఒక్క దమ్ముల మింగాలె, వానికి వాంతికొచ్చినట్టైతది, అది వాని తప్పు కాదు. పరీక్షకి చదువుకుంట రాత్రికి ఒక్క క్యాంపు కొట్టి పడుకునే పిల్లగానికి అదే మంచి కొలత. కారుకి ఒక్కో ముక్క బిగించుకుంట పోవుడు, హార్పూన్ తోని, అంటె తాడు కట్టిన బల్లెం తోని, ఎదుటి బండి డోర్ పీకి డ్రైవర్ని గుంజుడు, ఎనిమిది తొమ్మిదేండ్ల కిందటి ల్యాప్‌టాప్ మీద కూడ చక్కగ నడుచుడు. క్యాంపుల చివర వచ్చే టాప్ డాగులు మాత్రం అందరూ ఒక్కతీరే కొట్లాడుతరు, ఒకన్ని చూస్తె అందరినీ చూసినట్టే, అది ముందే చెప్పిన, ఆడికొచ్చి నన్ను తిట్టొద్దని.

వాడు కొన్నడు. ఇప్పుడు డౌన్‌లోడ్ సగం దాటింది, పొద్దునకి అయిపోతది. టాప్ డాగుల గురించి చెప్పిన గానీ, ఇసుక తుఫాను గురించి మాత్రం ఒక్క ముక్క కూడ చెప్పలే.