నీళ్లు తాగితే నొప్పి

"నీళ్లు బాగా తాగరా, రాయి అదే పడిపోతుంది." ఎడమ డొక్కలో నొప్పి అన్నప్పుడల్లా ఇంట్లో ఇదే మాట. చెంబులకొద్దీ తాగేవాణ్ణి. గంట తిరక్కుండా డొక్క బిగుసుకుపోయి వాంతులు. పెళ్లిళ్లలో రెండు గ్లాసుల మజ్జిగ ఎక్కువైనా అంతే. గ్యాస్ మాత్రలతో నాలుగేళ్లు నెట్టుకొచ్చాను.

చివరికి స్కాన్ తీస్తే రాయి లేదు, ఎడమ కిడ్నీ ఉబ్బి ఉంది. కిడ్నీ నుంచి మూత్రనాళం మొదలయ్యే చోట ఇరుకైందని, దాన్ని పీయూజే అడ్డంకి అంటారని యూరాలజిస్టు గరాటు బొమ్మ గీసి చెప్పారు. మెల్లగా పోస్తే దిగుతుంది, గబగబా పోస్తే పైన నిండిపోతుంది. పుట్టుకతోనే ఉన్నా నాలాగా కొందరికి పెద్దయ్యాక బయటపడుతుందట.

కిడ్నీ పనితీరు చూసే రెనోగ్రామ్ అనే స్కాన్ కోసం హైదరాబాద్ వెళ్లాం. నరంలోకి కొద్దిగా రేడియోధార్మిక మందు ఎక్కించి కెమెరా కింద పడుకోబెట్టారు. మధ్యలో మూత్రం ఎక్కువ తయారవడానికి లాసిక్స్ ఇచ్చారు. ఇంకేముంది, అదే నొప్పి! "కదలొద్దన్నా" అని టెక్నీషియన్. ఆ రేడియోధార్మిక మందులో సగం 10 నిమిషాల్లోపు కిడ్నీ నుంచి దిగిపోవాలి, 20 దాటితే అడ్డు ఉన్నట్టు లెక్క. నా గ్రాఫు అసలు దిగలేదు. మొత్తం పనిలో ఎడమ కిడ్నీ వాటా 34 శాతం. ఆపరేషన్ తప్పదన్నారు.

కీహోల్ పద్ధతిలో, అంటే చిన్న రంధ్రాల గుండా, పైలోప్లాస్టీ చేశారు. ఇరుకు ముక్క తీసేసి, మంచి నాళాన్ని వెడల్పుగా చీల్చి కిడ్నీకి మళ్లీ కుట్టడం. 1949లో ఆండర్సన్, హైన్స్ చెప్పిన పద్ధతే ఇప్పటికీ. నాలుగో రోజు ఇంటికొచ్చేశాను. నిజంగా ఏడిపించింది కుట్టు మానేదాకా నాళం లోపల పెట్టిన సన్నటి గొట్టం, డీజే స్టెంటు. కూర్చుంటే లేవాలి, లేస్తే బాత్రూమ్‌కి పరుగెత్తాలి. మూత్రం పోసిన ప్రతిసారీ చివర్లో పోటు వీపు దాకా ఎక్కేది. ఆరు వారాలు!

తీసిన ముక్క బయాప్సీకి పంపారని తెలిసి అమ్మ క్యాన్సరేమో అని రెండు రోజులు అన్నం ముట్టలేదు. రిపోర్టులో అలాంటిదేమీ లేదు. కండర పోగులు తగ్గి, వరుస తప్పి, వాటి మధ్య మచ్చలా గట్టిపడిన కొల్లాజెన్ పేరుకుందని ఉంది. అక్కడి కండరం అలలా కదులుతూ మూత్రాన్ని కిందికి తోయాలట. కండరం లేనిచోట ఆ అల ఆగిపోతుంది. అంటే గరాటు బొమ్మ సగమే నిజం. దారి ఇరుకు, పైగా తోసే దిక్కు లేదు.

మూడు నెలలకు మళ్లీ రెనోగ్రామ్. వాటా 36 శాతం. పోయింది పెద్దగా తిరిగి రాదని, ఉన్నది నిలబడితే చాలని ముందే చెప్పారు. వాపూ పూర్తిగా తగ్గలేదు. కానీ గ్రాఫు చక్కగా కిందికి దిగింది. ఆ సాయంత్రం బస్సెక్కే ముందు పంతం కొద్దీ లీటరు బాటిల్ మొత్తం తాగేశాను. నొప్పి రాలేదు. డ్రైవరు మాత్రం దారిలో నా కోసం రెండుసార్లు బస్సు ఆపాల్సొచ్చింది.